టాపు లేని కారు

కారును లారీ మీదినుంచి దించిన రోజే రాజమల్లు పడిపడి నవ్వాడు.

"తాజ్ భాయ్, గిది కారా, జల్లెడనా?"

తాజుద్దీన్ నవ్వలేదు. పని ఎదురుగా పెట్టుకుని నవ్వే మనిషి కాదు. కోరుట్లలో కథలాపూర్ పోయే తొవ్వ పక్కన, ఇంటి ముందే అతని రేకుల షెడ్డు. బండ్లకు పడ్డ సొట్టలు తీయడం, తుప్పు తిన్న రేకు కోసేసి కొత్త రేకు అతకడం అతని పని. పక్క షెడ్డులో రాజమల్లు ఇంజన్లు బాగు చేస్తాడు. రెండు షెడ్లకూ నడుమ గోడ లేదు, పాత టార్పాలిన్ ఒకటి వేలాడుతూ ఉంటుంది. ఒకరు చాయ్ తెప్పిస్తే ఇంకొకరికి అడగకుండానే వస్తుంది.

కారు వెల్గటూరు దగ్గరి ఊళ్ళో దొరల గడీనుంచి వచ్చింది. విలాయతి కారు. కాన్వాసు టాపు వెనక్కి మడిచేస్తే ఆకాశమే కప్పు. కారు యజమాని సుధాకర్ రావు. ఆయన తండ్రి దాన్ని తానే నడిపేవాడట. ఆయన పోయాక కొట్టంలో పడేశారు. టాపు చినిగింది, కొట్టం కప్పు కురిసింది, వాన నీళ్ళు కాళ్ళ కింది తివాచీలో నిలిచిపోయి ఇనుమును లోపల్లోపలే తినేశాయి. పైన మాత్రం ఎర్రరంగు ఇంకా మెరుస్తూనే ఉంది. ఇలాంటి బండ్లే మనిషిని మోసం చేసేవి. తాజుద్దీన్ సుత్తె కర్రతో డోరు మీద తట్టుకుంటూ కిందికి వచ్చాడు. పైన ఖంగుఖంగుమన్నది కిందికొచ్చేసరికి తడిసిన అట్టలా చప్పబడింది. ఇంకొంచెం తడితే పెచ్చు ఊడి కర్ర లోపలికే పోయింది.

మామూలు కారుకు పైకప్పు ఉంటుంది కాబట్టి కింద ఎంత కోసినా ఒళ్ళు నిలుస్తుంది. దీనికి డోర్ల కింది పట్టీలే వెన్నుపూస. ఖర్మకొద్దీ తుప్పంతా అక్కడే. ఆత్రపడి వాటిని కోస్తే కారు నడుం విరిగి కూలబడుతుంది, ఇక ఏ డోరూ పడదు. అందుకని తాజుద్దీన్ ముందుగా డోర్ల సందుల్లో ఇనప బద్దలు అడ్డంగా పెట్టి వెల్డింగు చేశాడు. ఆ తర్వాతే ఉలి పట్టుకున్నాడు.

గడప మీద కూర్చుని బీడీలు చుడుతున్న ఖుర్షీద్ బేగం అది చూసి, "ఇరిగిన చెయ్యికి కట్టు కట్టినట్టే కట్టిన్రు" అంది. ఇంట్లో ఆ మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకునేది సగం ఉర్దూ, సగం తెలుగు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వాళ్ళకే తెలీదు.

"కట్టే. మాంసమంత కుళ్ళింది, బొక్క నిలవెట్టాలె గద."

తుప్పు ఉన్నమేరకు కోసేసి, మెరిసే ఇనుము కనిపించేదాకా పోయి, అక్కడ ఆగేవాడు. పాత పేపరు ఆ ఖాళీకి అదిమిపెట్టి దర్జీలాగా కొలత తీసుకునేవాడు. ఆ కొలతకు రేకు కత్తిరించి, రైలు పట్టా ముక్క మీద పెట్టి వంపు తెచ్చేవాడు. అతుకు పెట్టేటప్పుడు ఒకే చోట మంట ఆడిస్తే రేకు అప్పడంలా లేస్తుంది. ఇక్కడింత, అక్కడింత అంటించి, వెంటనే తడిగుడ్డ అద్దేవాడు. చుయ్యిమని పొగ లేచేది. అప్పుడు కళ్ళు మూసుకుని అరచేత్తో నిమిరేవాడు. చెయ్యి ఎక్కడా ఆగకపోతే పని అయినట్టు.

ఊరంతా సమ్మెలో ఉంది. బడులు బందు, ఆఫీసులు బందు, బస్సులు డిపో దాటడం లేదు. బొగ్గుబాయిలు కూడా ఆగిపోయి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడే. చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. రాజమల్లు పని ఉంటే షెడ్డులో, లేకుంటే అక్కడ. తాజుద్దీన్ కూడా ఒకపూట పోయి రోడ్డు మీద అందరితో పాటు కూర్చుని పులిహోర తిని వచ్చాడు. తెలంగాణ వస్తే ఏమొస్తుందో అతనికి స్పష్టంగా తెలీదు గానీ, రావాలని మాత్రం అతనికీ ఉంది.

సుధాకర్ రావు జగిత్యాలలో ఉంటాడు. రైసుమిల్లు ఉంది. అక్కడి ధర్నా టెంటులో ముందు వరసలో కూర్చునేది ఆయనే, మైకు పట్టుకుంటే ఇవ్వనిదీ ఆయనే. దీపావళి దాటాక కొడుకు రిత్విక్ పెళ్ళి. బరాత్ ఈ కారులోనే తీయాలని ఆయన పట్టుదల.

ఒకరోజు పొద్దున రాజమల్లు ఇంజను పని ముగించి, "జెర నడిపి చూస్త భాయ్" అని కారు తీశాడు. అప్పటికి కింది పట్టీలు కొత్తవి పడ్డాయి, అడ్డం పెట్టిన బద్దలు ఊడదీశారు. ఒంటినిండా బూడిదరంగు ప్రైమరు తప్ప వేరే రంగు లేదు. చౌరస్తా దాకా పోయేసరికి టెంటులో వాళ్ళంతా లేచి ఈలలు, చప్పట్లు. ఎవరో ముందు ఒక జెండా కట్టారు. నలుగురు పోరగాళ్ళు వెనక ఎక్కి నిలబడి జై తెలంగాణ అని అరిచారు. రాజమల్లుకు ఆ పూట రెక్కలొచ్చాయి. అంత సంబరంగా తిరిగి వచ్చి షెడ్డు ముందు ఆపేసరికి, సుధాకర్ రావు అక్కడ నిలబడి ఉన్నాడు.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"దిగు" అన్నాడు.

రాజమల్లు దిగాడు. "ఇంజన్ మస్తు కొడుతున్నది సార్..."

"మా బాపు తప్ప ఆ సీట్ల ఎవ్వలు కూసోలే. నేను గూడ కూసోలే ఇంకా. పెండ్లినాడు కూసుందామని ఉన్న." ఆపైన, "తుడువు" అన్నాడు.

"సార్?"

"సీటు. తుడువు."

రాజమల్లు చుట్టూ చూశాడు. భుజం మీది రుమాలు తీశాడు. వంగి, తాను కూర్చున్న చోటు తుడిచాడు. వీపు ఆనిన చోటు తుడిచాడు. స్టీరింగు కూడా తుడవమన్నాడాయన, అదీ తుడిచాడు. జెండా విప్పి మాత్రం సుధాకర్ రావు తన చేత్తోనే జాగ్రత్తగా మడిచి కళ్ళకద్దుకుని పక్కన పెట్టాడు.

ఇంతసేపూ తాజుద్దీన్ వెనక మడ్‌గార్డు రేకు మీద సుత్తెతో కొడుతూనే ఉన్నాడు. కొట్టాల్సిన పని ఏమీ లేదు, రేకు అప్పటికే సాపు అయింది. చెయ్యి ఆపితే తలెత్తాలి, తలెత్తితే ఏదో ఒకటి అనాలి. అందుకని కొట్టాడు.

సుధాకర్ రావు తాళంచెయ్యి తీసి తాజుద్దీన్ చేతిలో పెట్టాడు. "నీ తాననే ఉండనియ్యి. నువ్వు నమ్మకస్తునివి. పెట్రోలు నిండ పోపిచ్చిన, దొరుకుతలేదు ఎక్కడ గూడ. పైలం."

"అమానత్ సార్, నమ్మి అప్పజెప్పిన సొమ్ము. కంటికి రెప్పోలె చూసుకుంట" అన్నాడు తాజుద్దీన్. సిగ్గుచేటు మాట గానీ, ఆ క్షణాన అతనికి కొంచెం గర్వంగానే అనిపించింది. తాళంచెయ్యి లోపలి జేబులో వేసుకుని పైనుంచి తడుముకున్నాడు.

టార్పాలిన్ అవతల రాజమల్లు పానాలు సర్దుకుంటున్న చప్పుడు వినిపించింది. ఆ రోజు చాయ్ రాలేదు. తర్వాత కూడా రాలేదు. రాజమల్లు షెడ్డు తెరవడమే మానేసి టెంటు దగ్గరే ఉండసాగాడు. పోయి పలకరించాలని తాజుద్దీన్ రోజూ అనుకునేవాడు. ఏ మొహం పెట్టుకుని పోతాడు?

ఫోను పొద్దున్నే వచ్చింది. ఖుర్షీద్ అక్క కొడుకు అఫ్రోజ్, తంగళ్ళపల్లినుంచి.

"ఖాలూ, అమ్మీ పోయింది. ఫజర్ నమాజుకు లేపబోతే లేవలే."

తాజుద్దీన్ ఏం చెప్పకముందే ఖుర్షీద్ అతని మొహం చూసి లేచి నిలబడింది. ఒళ్ళోని తునికాకు కింద పడింది.

"నాహీద్ ఆపానా?"

అతను తలూపాడు.

తల్లి పోయాక ఖుర్షీద్‌ను చంకనేసుకుని పెంచింది నాహీదే. తన పెళ్ళయి తంగళ్ళపల్లి పోతూ ఈ పిల్లను కూడా వెంటబెట్టుకుపోయింది. ఖుర్షీద్ ఏడవలేదు. "ఎప్పుడు ఎత్తుతరట?" అని అడిగింది.

"జొహర్ నమాజు కాంగనే. కరెంటు లేదట, ఐసు దొరుకుతలేదట. ఎక్కువసేపు ఉంచలేం అంటున్నడు."

జొహర్ అంటే మిట్టమధ్యాహ్నం దాటాక. తెల్లారి ఎంతో సేపు కాలేదు. సిరిసిల్ల అవతలి తంగళ్ళపల్లి దూరమేమీ కాదు. మామూలు రోజుల్లో వేములవాడ మీదుగా బస్సులో పోయి అన్నం వేళకు తిరిగొచ్చేవాళ్ళు.

ఖుర్షీద్‌కు తెలుసు, తాజుద్దీన్‌కూ తెలుసు. ఆలస్యమైతే మగవాడు ఖబ్రస్తాన్‌కు ఉరికి పిడికెడు మట్టయినా ఇస్తాడు. ఆడది ఖబ్రస్తాన్‌కు పోదు. జనాజా ఇంటి గడప దాటకముందు చూస్తే చూసినట్టు. దాటిందా, ఇక ఆ మొహం లేదు.

తాజుద్దీన్ బస్టాండుకు ఉరికాడు. బస్టాండులో కుక్కలు పడుకుని ఉన్నాయి. ఆటో అడ్డాకు పోయాడు. "సావంటే ఎవ్వలు ఒద్దనరు భాయ్, గని డీజిల్ ఏది? బంకులన్ని బందు. నడుమ ఆగిపోతే ఏం చేస్తవ్?" అన్నాడు అక్కడున్న ఒకే ఒక్క ఆటో ఆయన. ఆ మాట అబద్ధం కాదు.

తిరిగొచ్చేసరికి ఖుర్షీద్ బుర్ఖా వేసుకుని, చిన్న సంచి పట్టుకుని, షెడ్డులో నిలబడి ఉంది. ఎదురుగా కారు.

"ఇది ఉన్నది గద" అంది.

తాజుద్దీన్ కారును చూశాడు. పెట్రోలు నిండుగా ఉంది. ఇంజను రాజమల్లు చేసింది, తిరుగులేదు. తాళంచెయ్యి జేబులో ఉంది. అతనికి నడపడం వచ్చు.

"అడుగుత" అన్నాడు.

సుధాకర్ రావు ఫోను చాలాసేపు మోగింది. ఎత్తింది ఆయన భార్య సునంద.

"సార్ ధర్నాకు పోయిండ్రు. ఫోన్ ఇంట్లనే మర్చిపోయిండ్రు. ఎవరు?"

"తాజుద్దీన్‌నమ్మా, కోరుట్ల. కారు డెంటింగు..."

"ఆఁ, చెప్పు తాజుద్దీన్. ఏమన్నా పనా?"

ఖుర్షీద్ అతని నోరు చూస్తూ నిలబడింది. చావు మాట పొద్దుపొద్దున ఒక ఆడమనిషి చెవిన ఎలా వేయడం? వేసినా, మీ కారు ఇవ్వండమ్మా అని ఆమెనెలా అడగడం? పెళ్ళి పెట్టుకున్న ఇల్లు. ఆ కారు పెళ్ళికి పోవాల్సింది.

"ఏం లేదమ్మా. సార్ తోని జెర మాట్లాడేదుండె. వస్తే ఒక ఫోన్ చెయ్యమనుండ్రి."

"చెప్త" అని ఆమె పెట్టేసింది.

"చెప్పలే మీరు" అంది ఖుర్షీద్.

"ఆయన చేస్తడు గద. ఆయనకే చెప్త."

ఖుర్షీద్ గడప మీద కూర్చుంది. తాజుద్దీన్ ఫోను అరచేతిలో పట్టుకుని షెడ్డులో ఇటూ అటూ తిరిగాడు. సుత్తె తీశాడు, పెట్టాడు. ఎండ టార్పాలిన్ దాటి కారు చక్రం దాకా వచ్చింది.

"మళ్ల చెయ్యుండ్రి" అంది ఖుర్షీద్.

చేశాడు. మళ్ళీ సునందే.

"ఇంకా రాలేదు తాజుద్దీన్. జగిత్యాలంత రోడ్ల మీదనే ఉన్నది. చెప్పిన గద, రాంగనే చేపిస్త. ఎందుకు, కారు పని ఏమన్న ఆగిందా?"

"లేదమ్మా. పని మంచిగనే నడుస్తున్నది."

ఈ మాట అన్నది తన నోరేనా అని అతనికే అనిపించింది. ఫోను చెవి దగ్గరినుంచి తీసి దానివైపు చూశాడు. ఖుర్షీద్ ఇప్పుడు అతనివైపు చూడటం లేదు. ఎండవైపు చూస్తోంది.

తాజుద్దీన్ తాళంచెయ్యి తీశాడు. డోరు తెరిచాడు. తాను అతికిన పట్టీ, తాను సాపు చేసిన రేకు, అంతా తన చేతి పనే. ఆ సీటు ఒక్కటే తనది కాదు. రాజమల్లు వంగి తుడిచిన సీటు. ఒక మోకాలు లోపల పెట్టాడు. ఖుర్షీద్ సంచి పట్టుకుని లేచింది. అతను అలాగే నిలబడి, నిలబడి, మోకాలు వెనక్కి తీసుకున్నాడు.

"అమానత్ ఖుర్షీద్. అడగక ముడితే..."

ఆమె తిరిగి కూర్చుంది. అల్లా సాక్షిగా ఆ మనిషి మంచివాడే. పరాయి సొమ్ము పూచికపుల్ల ముట్టడు. ఆ పూట ఆ మంచితనానికి ఏం ధర పడుతోందో, దాన్ని ఎవరు కడుతున్నారో తెలిసి కూడా కదల్లేకపోయాడు.

చివరికి డోరు వేసి, తాళంచెయ్యి జేబులో వేసుకుని, రాజమల్లు ఇంటికి నడిచాడు. ముందే పోవాల్సిన తొవ్వ అది. రాజమల్లు అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. గడపలో తాజుద్దీన్‌ను చూసి ముద్ద చేతిలోనే ఆపాడు.

"రాజమల్లు, ఖుర్షీద్ వాళ్ళ అక్క గుజర్ గయి. తంగళ్ళపల్లి పోవాలె."

రాజమల్లు పళ్ళెంలోనే చెయ్యి కడిగేశాడు. "ఎప్పుడు?"

"ఫజర్ కాడ."

"ఫజర్ కాడనా? ఇప్పుడా చెప్పుడు? ఏం మనిషివి భాయ్ నువ్వు, ముందుగాలనే ఎందుకు రాలే?"

తాజుద్దీన్ నేలచూపులు చూశాడు. రాజమల్లుకు అర్థమైంది. మోటరుసైకిలు తాళంచెయ్యి తీసి, బండి ఊపి చూసుకున్నాడు, పెట్రోలు ఉంది.

ఒక బండి మీద ముగ్గురు. రాజమల్లు ముందు, తాజుద్దీన్ నడుమ, ఖుర్షీద్ వెనక ఒక పక్కకు కూర్చుని, మొగుడి చొక్కా పట్టుకుని. కథలాపూర్ దాటాక రోడ్డుకు అడ్డంగా చెట్టు మొద్దు. పిల్లలు కర్రలు పట్టుకుని వచ్చారు. రాజమల్లు సంగతి చెప్పగానే కర్రలు పడేసి, అందరూ కలిసి మొద్దు జరిపారు. ఒకడు ఉరికిపోయి నీళ్ళ సీసా తెచ్చి, "తాగమ్మా" అని ఖుర్షీద్‌కు ఇచ్చాడు. రుద్రంగిలో అంతే. ఇంకోచోట డప్పులు ఆపి తొవ్వ ఇచ్చారు. ఎక్కడా ఎవరూ ఒక్క మాట అనలేదు, ఎవరిదీ బండి అని అడగలేదు. ప్రతిచోటా ఆగి, దిగి, చెప్పి, ఎక్కడంలోనే పొద్దు పోయింది. అంత బరువుకు బండి ఎత్తు దగ్గర మూలిగేది. ఖుర్షీద్ దిగి నడిచేది, పైన మళ్ళీ ఎక్కేది.

వేములవాడలో ఉన్నప్పుడే జొహర్ అజాన్ వినిపించింది. అఫ్రోజ్‌కు ఫోన్ చేశారు. "జెర ఆపు బేటా, వేములవాడల ఉన్నం."

"ఆపుత ఖాలూ. గని పెద్దోళ్ళు తొందర చేస్తున్నరు. ఎండకు..." మిగతా మాట చెప్పలేదు.

సిరిసిల్లలో మగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. ఎప్పుడు పోయినా చెవులు దిమ్మెక్కించే ఆ సందుల్లో సైకిలు బెల్లు కూడా వినిపించేంత నిశ్శబ్దం. మానేరు వంతెన దాటి, తంగళ్ళపల్లిలో ఆ ఇంటి సందులోకి మళ్ళేసరికి, వాకిట్లో ఆడవాళ్ళ చెప్పులే ఉన్నాయి. మగవాళ్ళ చెప్పులు లేవు.

ఖుర్షీద్ బండి ఆగకముందే దిగింది. తూలి, గోడ పట్టుకుని, లోపలికి ఉరికింది. స్నానం చేయించిన బల్ల ఇంకా తడిగా ఉంది. పక్కన కర్పూరం, మిగిలిన తెల్లగుడ్డ. ఆడవాళ్ళు ఒక్కసారిగా లేచారు.

"ఇప్పుడే. ఇప్పుడే ఎత్తిన్రు. గింతసేపు ఆపిన్రు నీ కోసం."

ఖుర్షీద్ వెనక్కి తిరిగి సందు చివరికి ఉరికింది. దూరంగా, మలుపు దగ్గర, టోపీలు, వీపులు, వాటి నడుమ భుజాల మీద ఆకుపచ్చ దుప్పటి. ఒక్క క్షణం కనిపించి మలుపు తిరిగిపోయింది. ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు. "అటు పోవద్దు, ఆడోళ్ళం" అన్నారు మెల్లగా. ఆమెకు తెలీదా?

తాజుద్దీన్ ఉరికాడు. అతనితో పాటు రాజమల్లు. ఖబ్రస్తాన్‌లో వరసలో నిలబడ్డాడు, నమాజు చేశాడు, వంతు రాగానే మూడు పిడికిళ్ళ మట్టి ఇచ్చాడు. రాజమల్లు కూడా చెప్పులు విడిచి వచ్చి మట్టి ఇచ్చాడు. తాజుద్దీన్ తిరిగి ఇంటికి వచ్చేసరికి గోళ్ళలో ఇంకా ఎర్రమట్టి ఉంది. గోడకానుకుని కూర్చున్న ఖుర్షీద్ ఆ చేతులు చూసింది.

"మట్టిచ్చిన్రా?"

"ఇచ్చిన."

"మంచిగైంది" అంది. ఆమె కంట నీరు లేదు. మిగతా ఆడవాళ్ళంతా ఏడుస్తున్నారు, ఈమె మాత్రం వచ్చినవాళ్ళందరినీ ఒకటే అడుగుతోంది. మొఖం ఎట్లుండె? నోరు మూసుకుని ఉండెనా? నొసటి మీద ముడి ఉండెనా, పోయెనా? ఒకామె నిద్రపోయినట్టుండె అంది, ఇంకొకామె మొఖంల నూర్, వెలుగు, కారుతుండె అంది. ఎవరు ఏం చెప్పినా ఖుర్షీద్ తలూపింది. "బస్సులు లేవు, ఆటోలు లేవు, తొవ్వ లేకుండె" అని ప్రతి ఒక్కరికీ చెప్పింది. "అల్లా రాయలే."

తాజుద్దీన్ ఆ మాట వింటూ గోడ పక్కన కూర్చున్నాడు. వింటూ వింటూ ఆ మాటకే ఆనుకున్నాడు. నిజమే కదా, తొవ్వ లేకుండె.

మూడోనాటి జియారత్ ఫాతెహా అయ్యాక కోరుట్లకు తిరిగొచ్చారు. ఖుర్షీద్ మళ్ళీ గడప మీద బీడీల చాట ముందు కూర్చుంది. తాజుద్దీన్ మడ్‌గార్డు అంచు మీద పని పట్టుకున్నాడు. చేతికి అలవాటైన పని కాబట్టి చెయ్యి చేసుకుపోయింది. ఇంట్లో వాళ్ళిద్దరూ ఎప్పటిలాగే మాట్లాడుకున్నారు. ఉప్పు గురించి, కరెంటు గురించి. ఆ పొద్దటి గురించి ఒక్క మాట లేదు. ఆమె తనను ఏమీ అనకపోవడం చూసి, అల్లా మర్జీ అని ఆమె నిజంగానే ఒప్పుకుందని తాజుద్దీన్ నమ్మాడు. నమ్మితేనే పని చేసుకోగలడు.

ఒకనాడు చల్లపొద్దున సుధాకర్ రావు వచ్చాడు. వస్తూనే కారు వైపు పోకుండా తాజుద్దీన్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఇప్పుడే చౌరస్త కాడ చెప్పిండ్రు. మీ ఇంటామె అక్కనట గద. నాకెవ్వలు చెప్పలే తాజుద్దీన్. నువ్వు ఫోన్ చేసినవని సునంద అన్నది గని, కారు పని గురించేమో అనుకున్న. తిరిగి చేద్దామనుకుంట మర్చిపోయిన."

"అయిపోయింది సార్."

"ఎట్ల పోయిండ్రు మరి? బస్సుల్లేకపాయె."

"రాజమల్లు బండి మీద."

"ముగ్గురా?" సుధాకర్ రావు కారు వైపు చూశాడు, మళ్ళీ తాజుద్దీన్ వైపు చూశాడు. "అరె, గీ కారు ఉండంగనా? తాళంచెయ్యి నీ తాననే ఉండె. పెట్రోలు నిండ ఉండె. తీస్కపోవద్దా పిచ్చోడా?"

తాజుద్దీన్ చేతిలో సుత్తె ఆగింది.

"చూసిండ్రా మరి, ఆఖరి చూపు?"

"నేను మట్టికి అందుకున్న సార్. ఆమె చూడలే."

"థూ నీ అవ్వ!" అన్నాడు సుధాకర్ రావు. కోపంగా కాదు, బాధగా. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "సావు కాడ నేను ఒద్దంటనా? నేను మనిషిని గానా? ఒక్క మాట సునందతోనన్న చెప్తే అయిపోవు గద. ఆమెనే పో అనేది."

ఆ మాటల్లో నాటకం లేదు. అదే చచ్చిన చిక్కు. అబద్ధమైతే తాజుద్దీన్ లోపల్లోపల నాలుగు తిట్లు తిట్టుకుని నిమ్మళంగా ఉండేవాడు. ఆయన నిజంగానే బాధపడుతున్నాడు. ఆ రోజు దొరికితే నిజంగానే ఇచ్చేవాడేమో. ఇవ్వకపోయేవాడేమో కూడా. పీనుగ లేచాక ఇచ్చినంత తేలిక ఇంకేదీ ఉండదు. కానీ ఆ మాట అయితే షెడ్డులో పడింది. గడప మీదికి కూడా పోయింది.

ఖుర్షీద్ బీడీ చుడుతున్న చేతులు ఆకు మీద అలాగే నిలిచిపోయాయి.

సుధాకర్ రావు మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిమిరి, "మంచిగ తీసినవ్" అని గొంతులోనే అనుకుని, వెళ్ళిపోయాడు.

తాజుద్దీన్ చాలాసేపు గడప వైపు తిరగలేదు. తిరిగేసరికి ఆమె అతనివైపే చూస్తోంది.

"ఒద్దనకపోవునట" అంది.

"ఇప్పుడు గట్లనే అంటడు. ఆనాడైతే... రాజమల్లును ఏం జేసిండో నువ్వు చూడలేదా?"

"చూసిన. రాజమల్లు అడగక తీసిండు. మీరు అడిగిన్రా?"

అతను సుత్తె మొన బొటనవేలితో తుడిచాడు.

"అడిగితే ఒద్దంటే, నడిచి పోతుంటి. ఆయన పాపం ఆయన మీద ఉంటుండె." ఆమె గొంతు పెరగలేదు. బీడీ చుట్టేటప్పుడు మాట్లాడే గొంతే. "నేను తొవ్వ లేకుండె అనుకున్న. అందరికి గదే చెప్పిన."

అప్పుడే వెనకింటి ముత్తవ్వ కర్ర పట్టుకుని మెల్లగా వాకిట్లోకి వచ్చింది. చూపు ఆనని ముసలిది. చావు మాట ఆలస్యంగా తెలిసినట్టుంది. వచ్చి ఖుర్షీద్ పక్కన కూలబడి, ఆమె చెయ్యి తడుముకుని పట్టుకుంది.

"మీ అక్కనట గదనే బిడ్డ. సూసినవా మొఖం?"

"చూడలే అవ్వా" అంది ఖుర్షీద్. అక్కడే ఆగింది.

"అయ్యో నా బిడ్డ. ఏం జేస్తవ్, బస్సుల్లేకపాయె, తొవ్వ లేకపాయె."

ఖుర్షీద్ ఔననలేదు. తాజుద్దీన్ ఎదురుచూశాడు. ఆమె ఔనంటే చాలు, ఒక్కసారి ఔనంటే ఇంకా కొన్నేళ్ళు దాని మీద బతకొచ్చు. ఆమె తలవంచుకుని ఆకు అంచు గోటితో సవరిస్తూ కూర్చుంది.

తాజుద్దీన్ సుత్తె కింద పెట్టాడు. గడప దగ్గరికి వచ్చి ముసలామె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తొవ్వ ఉండె అవ్వా" అన్నాడు. "కారు ఉండె, తాళంచెయ్యి నా తాననే ఉండె. నేనే నోరు తెర్వలే."

ముత్తవ్వకు ఏమీ అర్థం కాలేదు. మొహం అటూ ఇటూ తిప్పింది. ఖుర్షీద్ చాట పక్కకు నెట్టింది. బుర్ఖా లేదు, తల మీద కొంగు ఒక్కటే ఉంది. అది మొహం నిండా కప్పుకుని, ముసలామె ఒళ్ళో తల పెట్టి, అక్క పోయిన తర్వాత మొదటిసారి, వాడకంతా వినపడేలా ఏడ్చింది.